విస్కోమీటర్ యూనిట్ల మార్పిడిలో తప్పులు: సర్వీస్ విభాగానికి ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: యూనిట్ మార్చగానే తప్పు రీడింగులు రావడం, రిపోర్టులో యూనిట్ తప్పుగా పడడం గురించి.

అయ్యా,

మీరు సరఫరా చేసిన రొటేషనల్ విస్కోమీటర్ (ద్రవంలో స్పిండిల్ అనే కడ్డీని తిప్పి దాని చిక్కదనాన్ని, అంటే విస్కాసిటీని, కొలిచే యంత్రం) సెంటీపాయిజ్‌లో చూపే రీడింగుతో మాకు పేచీ లేదు. అదే రీడింగును ఇంకో యూనిట్‌లో చూపమంటేనే లెక్క తప్పుతోంది. ఫోన్‌లో అడిగితే "మళ్ళీ కాలిబ్రేట్ చేయండి" అన్నారు. అది మందు కాదు. ఎందుకు కాదో కింద రాస్తున్నాం.

పరీక్ష చేసిన తీరు ఇది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 985 సెంటీపాయిజ్ అని సర్టిఫికెట్ ఉన్న సిలికోన్ ప్రామాణిక నూనెను అదే ఉష్ణోగ్రతకు బాత్‌లో స్థిరపరిచి, టార్క్ (స్పిండిల్‌ను తిప్పడానికి పట్టే మెలితిప్పే బలం) 10 నుంచి 100 శాతం మధ్య ఉండే స్పిండిల్, వేగం ఎంచుకున్నాం. రీడింగు 985 దగ్గర నిలబడింది. స్పిండిల్ ఆపకుండా యూనిట్ ఒక్కటే మార్చుతూ పోయాం. నూనె, ఉష్ణోగ్రత, వేగం ఏవీ మారలేదు కాబట్టి వచ్చిన తేడా అంతా సాఫ్ట్‌వేర్‌దే.

పాయిజ్‌లో 9.85 వచ్చింది, సరైనదే. పాస్కల్-సెకన్లలో 98.5 చూపింది, రావలసింది 0.985. ఒక పాస్కల్-సెకను అంటే 10 పాయిజ్, 1000 సెంటీపాయిజ్. పాయిజ్ విలువను పదితో భాగించాల్సిన చోట మీ ప్రోగ్రామ్ గుణిస్తున్నట్టుంది. అందుకే తేడా సరిగ్గా వంద రెట్లు ఉంది.

పౌండ్ల యూనిట్ ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ తప్పు పైకి కనబడదు. మెనూలో "పౌండ్ పర్ ఫుట్-సెకండ్" అని ఉంది. అది ద్రవ్యరాశి పౌండు, దాని విలువ 1488.16 సెంటీపాయిజ్. కాబట్టి 985 సెంటీపాయిజ్ అంటే 0.662 రావాలి. మీ తెర మీద వచ్చింది 0.0206. బలం పౌండుతో రాసే పౌండ్-సెకండ్ పర్ చదరపు అడుగుకు 47,880 సెంటీపాయిజ్. మీవాళ్ళు ఆ గుణకాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. రెండింటి నిష్పత్తి 32.174, అంటే అడుగుల్లో గురుత్వ త్వరణం. రెండు యూనిట్లూ మెనూలో విడివిడిగా, పూర్తి పేర్లతో ఉండాలి.

సెంటీస్టోక్స్ గడిలోనూ 985 అనే వచ్చింది. అది పై యూనిట్లలా డైనమిక్ విస్కాసిటీ యూనిట్ కానే కాదు, డైనమిక్ విస్కాసిటీని సాంద్రతతో భాగిస్తే వచ్చే కైనమాటిక్ విస్కాసిటీ యూనిట్. సాంద్రత తెలియకుండా ఆ మార్పిడి కుదరదు. ఈ నూనె సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.97 గ్రాములు కాబట్టి రావలసింది సుమారు 1015. ఇక్కడ తేడా మూడు శాతమే, కానీ 1.26 సాంద్రత ఉన్న గ్లిజరిన్‌కు ఇరవై శాతం దాటుతుంది. సాంద్రత, అది కొలిచిన ఉష్ణోగ్రత అడగండి, లేదా ఆ గడి తీసేయండి.

రిపోర్టు ముద్రణ మరో గొడవ. పాయిజ్‌లో చూసి ప్రింట్ ఇస్తే అంకె 9.85 అనే పడుతుంది, పక్కన యూనిట్ మాత్రం పాత సెట్టింగులోని మిల్లీపాస్కల్-సెకను. మిల్లీపాస్కల్-సెకను, సెంటీపాయిజ్ ఒకటే కాబట్టి కాగితం మీద నూనె వంద రెట్లు పల్చబడిపోయింది. పైగా అక్షరాలన్నీ క్యాపిటల్స్‌లో పడడంతో మిల్లీకి వాడే చిన్న ఎం కాస్తా మెగాకు వాడే పెద్ద ఎం అయిపోతోంది. చదివేవారి ఇంగితాన్ని నమ్ముకుని ఇలా ముద్రించడం ఏ ల్యాబ్‌కూ తగదు.

ఇక కాలిబ్రేషన్ సంగతి. అది స్ప్రింగ్ టార్క్, స్పిండిల్ స్థిరాంకాలను సరిచేస్తుంది. తెర మీద 98.5ను 0.985కు లాగాలంటే స్థిరాంకాన్ని వందో వంతు చేయాలి. దాంతో ఇప్పుడు సరిగ్గా ఉన్న సెంటీపాయిజ్ రీడింగు కూడా చెడుతుంది. ఫోన్‌లో ఇదే సలహా విన్న ఇతర వినియోగదారుల యంత్రాలు ఏ స్థితిలో ఉన్నాయో మీరే కనుక్కోవాలి.

కాబట్టి కొలతను లోపల ఒకే యూనిట్‌లో, అంటే మిల్లీపాస్కల్-సెకన్లలో భద్రపరిచి, చూపేటప్పుడు, ముద్రించేటప్పుడు మాత్రమే మార్చేలా సాఫ్ట్‌వేర్ సవరించి ఇవ్వండి. పాస్కల్-సెకన్లను రెండు దశాంశాలకే కుదించకండి. నీటి విలువ 25 డిగ్రీల దగ్గర 0.00089 పాస్కల్-సెకన్లు, రెండు దశాంశాల్లో అది సున్నా అయిపోతుంది. ఏ వెర్షన్ నుంచి ఈ తప్పులు ఉన్నాయో లెటర్‌హెడ్ మీద రాసి పంపండి. పాత రిపోర్టుల్లో వేటిని తిరిగి లెక్కించాలో ఆడిట్‌లో చూపడానికి ఆ కాగితం కావాలి. సవరణ వచ్చాక ఇదే ప్రామాణిక నూనెతో, మెనూలోని ప్రతి యూనిట్‌లోనూ మీ ఇంజనీరు మా ఎదుట సరిచూపాలి. ఖర్చు వారంటీ కిందే.

అప్పటిదాకా ఈ యంత్రం నుంచి సెంటీపాయిజ్ రీడింగులనే తీసుకుని, మిగతా యూనిట్లు చేత్తో లెక్కించి రాస్తున్నాం. తెర ఫొటోలు, ప్రింట్ ప్రతి, ప్రామాణిక నూనె సర్టిఫికెట్ నకలు జతచేశాం.

ఇట్లు,
క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ ఇన్‌చార్జి