మామ్మ ఏరిన పిడుదులు

న్యూ హేవెన్, అమెరికా,
అక్టోబరు 12

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, అమ్మా, తమ్ముడూ, మరదలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించండి. ఫోనులో ఈ సంగతి ఎత్తగానే అమ్మ గొంతు పూడుకుపోతున్నది, ఆపైన నేను చెప్పదలచినది చెప్పలేకపోతున్నాను.

నన్ను పిడుదు పట్టిన మాట నిజమే. జూన్ నెలలో, మోకాలి వెనుక, గసగసాల గింజంత పిల్ల పిడుదు. ఉదయం అడవిలో తిరిగి వచ్చి, సాయంత్రం స్నానం చేస్తూ అలవాటు ప్రకారం ఒళ్లంతా తడిమి చూసుకుంటే వేలికి తగిలింది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలిపెట్టకుండా నిటారుగా లాగివేశాను. ఇక్కడ పిడుదు కాటుతో సోకే లైమ్ అనే జబ్బు ఒకటున్నది. దాన్ని కలిగించే సూక్ష్మజీవి పిడుదు కడుపులో ఉంటుంది. అది మనిషి ఒంట్లోకి చేరాలంటే సాధారణంగా పిడుదు ఒక రోజుకు పైగా పట్టుకొని ఉండాలి. నన్ను పట్టి పన్నెండు గంటలు కూడా కాలేదు. అయినా నెల రోజులు ఆ చోటు కనిపెట్టుకొని ఉన్నాను. దద్దురు లేదు, జ్వరం లేదు. తొలి రోజుల్లో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ బిళ్లలతో నయమయ్యే జబ్బే ఇది. దాచాలని దాచలేదమ్మా, చెప్పవలసినంత సంగతి కాదని ఊరుకున్నాను.

ఆడపిల్లను అడవుల వెంట తిప్పే ఉద్యోగమేమిటని పిన్ని అన్నదట. మా పని అంత భయపడేది కాదు. తెల్లని గుడ్డను కర్రకు కట్టి, రాలిన ఆకుల మీదుగా ఈడ్చుకుంటూ నడవడం, కొంత దూరానికొకసారి తిరగవేసి అంటుకున్న పిడుదులను ఏరి సీసాలో వేయడం, ఆ తరువాత వాటిలో ఏ సూక్ష్మజీవులున్నవో పరీక్షించడం. పిడుదు ఎగరదు, దూకదు. గడ్డిపోచ చివరకు ఎక్కి, వెనుక కాళ్లతో పట్టుకొని, ముందుకాళ్లు రెండూ గాలిలోకి చాచి నిలుచుంటుంది. ఆ ముందుకాళ్లలోనే దానికి వాసన తెలిసే గుంట ఒకటి ఉన్నది. మనం వదిలే ఊపిరిని దానితోనే పసిగడుతుంది. ఏటిగట్టున గాలం వేసుకొని కూర్చునేవారికి కూడా అంత ఓపిక ఉండదు.

ఆ పరిశోధన ఏదో మన దేశంలోనే చేసుకోరాదా అని మీరు అడిగారు. అడగవలసిన మాటే. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోయి, మనుషులకు జ్వరాలు వచ్చినప్పుడు, దానికి మూలం పిడుదులేనని తేల్చింది మన దేశంలోనే. పని అక్కడ లేక నేను ఇక్కడికి రాలేదు. పుట్టెడు పిడుదులున్న ఈ ఊళ్లలో పని నేర్చుకుంటే అక్కడికి తెచ్చుకోవచ్చునన్నదే నా ఆలోచన, అది ఇప్పటికీ మారలేదు.

పక్కింటి అబ్బాయికి వచ్చినది స్క్రబ్ టైఫస్ అని అమ్మ చెప్పింది. అది పిడుదు వల్ల వచ్చేది కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనీ ఆనని మరొక పురుగు పిల్లదశలో కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు కడుతుంది. అది చంకలోనో, నడుము పట్టీ కిందనో ఉండి కనబడకుండా పోతుంది. చేలో పని చేసి వచ్చినవారికి నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే ఆ పొక్కు కోసం వెతికి వైద్యునికి చూపించమనండి. దానికీ మందు ఆ డాక్సీసైక్లినే.

నాన్నగారూ, అసలు వ్రాయదలచినది ఇప్పుడు వ్రాస్తున్నాను.

నేను పదో తరగతిలో ఉండగా పోయిన మన జెర్సీ ఆవు గౌరి మీకు గుర్తున్నదా? ఆ వేసవిలో మామ్మ రోజూ పొద్దున్నే పాకలో పీట వేసుకొని, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టుకొని, గౌరి చెవి మడిచి, తోక ఎత్తి, పొదుగు సందుల్లో వేళ్లు పెట్టి పిడుదులు ఏరేది. నెత్తురు తాగి ఉబ్బినవి అచ్చం ఆముదపు గింజల్లా, బూడిదరంగులో నున్నగా మెరుస్తూ ఉండేవి. లాటిన్ భాషలో పిడుదుకూ ఆముదానికీ ఒకటే పేరని ఇక్కడికి వచ్చాక తెలిసింది. తరువాత గౌరికి జ్వరం వచ్చింది, మేత మానేసింది, మూత్రం కాఫీ డికాషన్ రంగులో పడింది. చూడవచ్చినాయన ఎండదెబ్బ అని సూది వేసి వెళ్లిపోయాడు. "ఇవి దీని నెత్తురు తాగడమే కాదు, దీని నెత్తుట్లో ఏదో పోశాయి" అన్నది మామ్మ. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నాలుగో రోజున గౌరి పోయింది. మూడు రోజులు మామ్మ ఆ పాక వైపు వెళ్లలేదు.

ఇక్కడ చేరిన మొదటి ఏడాది 1893 నాటి పరిశోధన ఒకటి చదివాను. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు చేసినది. ఈ దేశపు దక్షిణాది నుంచి తోలుకొచ్చిన పశువులు నడిచిన దారిలో ఉత్తరాది పశువులు ఎర్రమూత్రం పోసుకొని చచ్చిపోయేవి. పిడుదుల వల్లేనని పశువుల కాపరులు మొదటినుంచీ అంటూ ఉంటే, చదువుకున్నవారు కొట్టిపారేశారు. వీరిద్దరు దక్షిణాది ఆవుల ఒంటిమీది పిడుదులను చేత్తో ఏరివేసి, ఆరోగ్యంగా ఉన్న వాటితో కలిపి కట్టారు, జబ్బు రాలేదు. ఆవులు లేకుండా పిడుదులను మాత్రమే పచ్చికలో వదిలారు, జబ్బు వచ్చింది. పురుగుల ద్వారా పశువులకు జబ్బు సోకుతుందని లోకానికి తేలినది దానితోనే. తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు ఆ జబ్బు క్రిమి సంక్రమిస్తుందని కూడా వారు చూపారు. "చేత్తో ఏరివేసి" అన్న మాట దగ్గర ఆగిపోయి, ఆ రాత్రి ఇంకేమీ చదవలేకపోయాను. గౌరికి వచ్చినది అదే జబ్బయి ఉంటుందని ఇప్పుడు నా నమ్మకం. మామ్మ చెప్పినది సరైన మాట. ఆమె ఉండగా ఆ మాట చెప్పలేకపోయాను.

ఇక్కడికి గంటలోపు ప్రయాణంలో, పైన చెప్పిన లైమ్ జబ్బుకు పేరిచ్చిన లైమ్ అనే ఊరున్నది. 1975లో పిల్లలకు వరుసగా కీళ్లు వాస్తున్నాయని మొదట పట్టుకున్నది వైద్యులు కాదు, ఇద్దరు తల్లులు. వాళ్లు పట్టు విడువకపోవడం వల్లనే పరిశోధన మొదలైంది. ఆ జబ్బు సూక్ష్మజీవి సంగతి లోకానికి వెల్లడైనది 1982లో.

తమ్ముడు ఏటి లంకలోని మకాంలో కొత్తగా సంకరజాతి ఆవును కట్టాడని విన్నాను. నాటు ఆవులంతగా ఇవి ఈ జబ్బులను తట్టుకోలేవు. వరదకు ఊళ్లోని పశువులన్నిటినీ ఏటిగట్టు మీద కలిపి కట్టవలసి వస్తుంది కదా. దిగి వచ్చాక దాని చెవులు, తోక మొదలు, పొదుగు తప్పక చూడమనండి. ఏరినవాటిని గోటితో నలపవద్దు, నేల మీద పారవేయవద్దు. నిండా తాగిన ఆడది ఒక్కటి పాక గోడ పగులులో చేరితే వేల గుడ్లు పెడుతుంది. గోడ బీటలు మట్టితో పూడ్పించండి. భుజం ముందు గడ్డ కట్టినా, మూత్రం రంగు మారినా ఎండదెబ్బ అన్న మాట వినకుండా, నెత్తురు పరీక్ష చేయించమని గట్టిగా అడగమనండి. తొలిదశలో అయితే మందులున్నాయి.

అమ్మ వేళకు భోజనం చేస్తున్నదని మరదలు చేత ఒక ముక్క వ్రాయించండి.

మామ్మ కిరసనాయిలు డబ్బా ఇంకా పాక దూలం మీదనే ఉన్నదా? ఉంటే తీసి తమ్ముడిని వాడుకోమనండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి