పర్సు పోయిన యాత్రికుడు ఏ లెక్కలోకి వస్తాడు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు ఆఖరులో పోలీసుల వార్షిక నివేదిక రాగానే బెజవాడలో ఒకటే వాదులాట. నేరాలు తగ్గాయని ఒకరు, ఎక్కడ తగ్గాయని ఇంకొకరు. ఇద్దరూ పట్టుకు వేలాడేది ఒక్క అంకెనే: లక్ష జనాభాకు ఎన్ని కేసులు. అమ్మవారి దర్శనానికి, కృష్ణ స్నానానికి, ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట చూడ్డానికి రోజూ వేలల్లో, దసరాకు లక్షల్లో బయటి జనం వచ్చిపోయే ఊళ్లో ఆ అంకె చెప్పేది బహు తక్కువ.

ఆ రేటు కట్టే తీరు ఇది. పైన ఏడాదిలో నమోదైన కేసులు, కింద స్థానిక జనాభా. ఆ జనాభా కూడా 2011 లెక్కల మీద వేసుకున్న అంచనా. ఖమ్మం నుంచి వచ్చిన భక్తుడి ఫోన్ క్యూలో పోయి కేసు కడితే అది పైఅంకెలో కలుస్తుంది. ఆయన మాత్రం కింద జనాభాలో ఉండడు. మాటవరసకు పది లక్షల ఊళ్లో 500 దొంగతనాలంటే రేటు 50. అందులో సగం యాత్రికులవైతే ఊరివాళ్లకు తగిలింది 25 మాత్రమే. మరి యాత్రికుడికున్న ముప్పెంత? దానికి లెక్కే లేదు, వచ్చినవాళ్లెందరో ఆ భిన్నంలో ఎక్కడా కనబడరు గనుక. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే జాతీయ నేర గణాంకాల సంస్థ వాటిలో పెద్దదాన్నే లెక్కేస్తుంది. పైగా 2015 వరకు ఆ సంస్థ 53 నగరాల పట్టికలో విజయవాడ విడిగా కనిపించేది. 2016 నివేదిక నుంచి 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకే ఆ పట్టిక పరిమితమైంది, మన ఊరు జారిపోయింది.

ఇవన్నీ చిన్న చిల్లులు. అసలు గండి స్టేషన్ గడప దగ్గర పడుతోంది. రైలు ఆరున్నరకు. పర్సు పోయిందని తెలిసేసరికి నాలుగున్నర. ఘాట్ నుంచి స్టేషన్ వెతుక్కుంటూ వెళ్లాలి, అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటర్ తీరిక చూసుకోవాలి, పిల్లలు ఆకలంటుంటారు. నూటికి ఎందరు ఆగుతారు? ఆగినవాళ్ల ఫిర్యాదు కూడా చాలాసార్లు ‘రద్దీలో ఎక్కడో జారిపోయింది’ అనే వాక్యంతో ముగుస్తుంది. ‘జేబులోంచి ఎవరో తీశారు’ అని రాస్తే అది దొంగతనం, సొత్తు ఐదు వేల రూపాయలకు తగ్గకపోతే కేసు కట్టాలి. ‘జారిపోయింది’ అంటే ఒక రసీదుతో సరి. రెండు మాటల తేడాతో ఒక నేరం లెక్కలోంచి మాయం. అందుకే ఫిర్యాదు రాసేవాళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గర గట్టిగా నిలబడాలి: ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు తగిలారు, ఆ క్షణంలో వస్తువు ఎక్కడుంది. బ్యాగుకు బ్లేడు గాటు ఉంటే ఆ బ్యాగునే బల్ల మీద పెట్టాలి.

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టాలు ఇక్కడ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నాయి. ఇచ్చింది ముందు చెప్పాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. మెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలో కూడా పంపవచ్చు, అయితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం. ప్రకాశం బ్యారేజీకి ఇవతల ఎన్టీఆర్ జిల్లా పోలీసులు, అవతల సీతానగరం, ఉండవల్లి వైపు గుంటూరు జిల్లా పోలీసులు. సీతానగరం ఘాట్‌లో బ్యాగు పోయి ఇవతలికి వచ్చి చెప్పుకున్న మనిషిని ‘అది మాది కాదు, వంతెన దాటి వెళ్లండి’ అని తిప్పి పంపడం ఇప్పుడు చట్టప్రకారం కుదరదు. ఇక్కడే జీరో ఎఫ్ఐఆర్ కట్టి అటు బదిలీ చేయాలి. రైల్లో పోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పవచ్చు. టీటీఈ దగ్గర, రైల్వే పోలీసు ఎస్కార్ట్ దగ్గర ఎఫ్ఐఆర్ ఫారాలుంటాయి, దిగాల్సిన పనిలేదు.

తీసుకున్నది చిల్లర దొంగతనం. 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని, మొదటిసారి దొరికి సొత్తు తిరిగిచ్చిన వాడి విషయంలో, సమాజ సేవతో సరిపెట్టమన్నారు. ఆ కేసును మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని జాబితాలో వేశారు. శిక్ష తేలిక చేయడం మీద మాకు పేచీ లేదు. ఆకలికి పర్సు కొట్టిన కుర్రాణ్ని మూడేళ్లు లోపల పెడితే బయటికి వచ్చేది ఇంకా ముదిరిన దొంగే. కానీ యాత్రికుల జేబుల్లో ఉండేది సాధారణంగా రెండు మూడు వేలే. కాబట్టి తీర్థస్థలాల్లో ఎక్కువగా జరిగే నేరమే ఇప్పుడు ఎఫ్ఐఆర్ లెక్కకు బయట పడింది. అదే పర్సు బస్సులోనో రైల్లోనో కొట్టేస్తే సంగతి వేరు. ప్రయాణ వాహనంలోంచి చేసే దొంగతనం భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందికి వస్తుంది, విలువతో నిమిత్తం లేదు, ఏడేళ్ల దాకా శిక్ష. గొలుసు లాక్కుపోవడానికి 304 అని విడిగా ఒక సెక్షనే వచ్చింది. పోయిన చోటు సరిగ్గా చెప్పడం అందుకే ముఖ్యం.

పత్రికల్లో పెద్ద అక్షరాలకెక్కేది బ్లేడ్ బ్యాచ్, గంజాయి బ్యాచ్. వాళ్ల భయం నిజమే, బస్టాండ్ చుట్టూ అర్ధరాత్రి దాటాక ఒంటరిగా నడవమని ఎవరికీ చెప్పం. కానీ యాత్రికుల్ని ముంచేది పట్టపగలు జరిగే మెత్తటి మోసం. ముందు గొడవ జరిగిందమ్మా, నగలు తీసి ఈ కాగితంలో చుట్టుకోండి అంటాడు పోలీసునంటూ సఫారీ డ్రెస్సులో ఒకడు. పొట్లం తనే కట్టిపెడతాడు, లాడ్జిలో విప్పి చూస్తే గులకరాళ్లు. నగలు విప్పమని నిజమైన పోలీసు రోడ్డు మీద అడగడు. అంతే, ఇంకో పరీక్ష అక్కర్లేదు. రెండోది పది రూపాయల నోట్లు: మీ డబ్బులు పడ్డాయండీ అంటారు, కారు దిగి ఏరుకునేలోగా అటు డోరులోంచి బ్యాగు పోతుంది. ఘాట్‌లో ఇంకా సులువు. ఇంటిల్లిపాదీ ఒకేసారి నీళ్లలోకి దిగుతారు, బట్టల కింద ఫోన్లన్నీ పెట్టి కాపలాకు ఒక్క ముసలమ్మను కూర్చోబెడతారు. ఎవరో ఆడమనిషి వచ్చి ‘మా సంచీ కూడా కాస్త చూడండమ్మా’ అని పక్కన పెడుతుంది. తిరిగొచ్చి తన సంచీతోపాటు వీళ్లదీ పట్టుకుపోతుంది. రెండు జట్లుగా స్నానం చేయడం, కాపలా మనిషి సంచీ తాడు మోచేతికి చుట్టుకోవడం, నానుతాడు, నల్లపూసలు పైటకు లోపల పిన్నీసుతో కట్టుకోవడం తప్ప దీనికి పెద్ద విద్యలేమీ లేవు.

ఫోన్ పోతే మాత్రం ఓ వరస ఉంది, అది తప్పితే నష్టం రెట్టింపవుతుంది. తెర లాక్ ఉంది కదా అని ధీమా పనికిరాదు. దొంగ సిమ్ తీసి తన ఫోన్లో వేసుకుంటే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. కనుక మొదట పక్కవాళ్ల ఫోన్‌తో సిమ్ ఆపించాలి, రెండోది బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి, డబ్బు అప్పటికే కదిలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. మూడోది, ఊరు వదలకముందే ఫిర్యాదు ప్రతి చేతిలో పెట్టుకోవాలి. ఇంటికెళ్లాక అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో, పోయిన ఫోన్ల కోసం పెట్టిన సీఈఐఆర్ పేజీలో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) ఆపించవచ్చు. అక్కడ పోలీసు ఫిర్యాదు ప్రతి అడుగుతారు. ఓటీపీ కూడా ఆ నంబరుకే వస్తుంది, కొత్తగా ఇచ్చిన సిమ్‌కు మెసేజీలు 24 గంటలదాకా రావు కాబట్టి కంగారు పడనక్కర్లేదు. ఆ తర్వాత ఎవరైనా ఆ ఫోన్లో వేరే సిమ్ వేస్తే జాడ పోలీసులకు తెలుస్తుంది. ఐఎంఈఐ 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండుంటాయి. బయల్దేరే ముందే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టి ఆ తెరను ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపితే సరి. సెట్టింగుల్లో సిమ్ పిన్ పెట్టుకుంటే ఇంకా మేలు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుంటుంది, ఆపరేటర్ ఇచ్చే పీయూకే కోడ్ లేనిదే తెరుచుకోదు.

ఇక కెమెరాలు. నగరంలో వాటికి కొదవ లేదు, దొరికిన బొమ్మలోనే పస లేదు. మామూలు రెండు మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం వెడల్పు 1920 చుక్కలు. తెలియని మనిషి ముఖం గుర్తుపట్టాలంటే మీటరుకు 250 చుక్కలు పడాలి. అంటే ఆ కెమెరా ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే ముఖం చూపిస్తుంది. అంతకు నాలుగింతలు చూపించమంటే మనిషి ఆకారం, బట్టలు మాత్రం తెలుస్తాయి, ముఖం తెలియదు. మనవాళ్లు ఘాట్ మొత్తం ఒక్కదాంట్లో పడాలని ఇరవై అడుగుల స్తంభం మీద కడతారు, పడేవి బోడిగుండ్లు, టోపీలు. ఘాట్‌కు దిగే మెట్ల మొదట, క్యూ లైను మలుపులో, పార్కింగ్ గేటు దగ్గర, అంటే జనం ఇరుకుగా నడిచే చోట, తొమ్మిదడుగుల ఎత్తున ఒకటి పెడితే పైనున్న నాలుగింటికన్నా నయం. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ కెమెరాల చుట్టూ పురుగులు, వాటికోసం సాలెపురుగులు చేరతాయి. ఏటిగట్టున పదిహేను రోజులకోసారి బూజు తుడవకపోతే తెరంతా తెల్లటి తెట్టే. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కెమెరాకు అడ్డంగా కట్టడం మన ఊరి ప్రత్యేకత. నాయకుడి నవ్వుముఖం వెనక ఏం జరిగినా ఎవరికీ పట్టదు.

రికార్డు సంగతి ఇంకా అన్యాయం. వందమంది చేరే వాణిజ్య స్థలాలు 30 రోజుల దృశ్యాలు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఒక కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ, ఎనిమిది కెమెరాలకు 173 జీబీ. లాడ్జీల్లో, దుకాణాల్లో తరచూ పెట్టే ఒక టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నెల రావాలంటే ఆరు టీబీ కావాలి. యాత్రికుడు ఊరెళ్లి వారం తర్వాత మెయిల్ పెట్టేసరికి పాత దృశ్యం మీద కొత్తది ఎక్కేసి ఉంటుంది. గడియారం మరో తంటా: డీవీఆర్ (దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ సంవత్సరం వెనక్కి పోతుంది. కోర్టులో దృశ్యం నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపే గుర్తు సంఖ్య) జతపరచాలి. తేదీ తప్పున్న ఫైలును డిఫెన్సు లాయరు రెండు నిమిషాల్లో పడగొడతాడు. నెలకోసారి ఫోన్ గడియారంతో సరిచూసి, తేడా ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోమని లాడ్జీ యజమానులకు స్టేషన్ నుంచి ఒక మాట వెళ్తే చాలు.

మేము అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, కొండ దిగే దారి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, రైల్వే స్టేషన్‌లలో ఒక్కో బల్ల, ఒక్కో ట్యాబ్, తెలుగు, హిందీ, ఒడియా, తమిళంలో అచ్చు వేసిన ఒకే పేజీ ఫారం. పది నిమిషాల్లో నంబరున్న రసీదు. ‘పోయింది’, ‘తీశారు’ అనే రెండు గడులు పక్కపక్కనే ఉండాలి, టిక్కు పెట్టేది ఫిర్యాదుదారే. కేసయినా కాకపోయినా, విలువ ఐదు వేల లోపైనా, చోటు, గంట, వస్తువు, పద్ధతి అనే నాలుగు వివరాలు మాత్రం పుస్తకంలోకి ఎక్కాలి. నాలుగు వారాలు పోగేస్తే ఏ మెట్ల దగ్గర ఏ గంటలో చేతివాటం ఎక్కువో కంటికి కనబడుతుంది. గస్తీకి వచ్చినట్టు రాసే పాయింట్ బుక్‌లో బీట్ కానిస్టేబుల్ సంతకం పెట్టే వేళలు ఇప్పుడు స్టేషన్ వీలును బట్టి ఉంటున్నాయి, అవి ఆ పట్టికను బట్టి మారాలి. మూలానక్షత్రం రోజుకు వేలమందిని దింపడం మనవాళ్లకు కొట్టినపిండే. మామూలు ఆదివారం ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు ఘాట్‌లో మఫ్టీలో ఇద్దరు ఉండటమే గగనం.

ఇలా చేస్తే మొదటి ఏడాది నేరాల రేటు భగ్గుమని పెరుగుతుంది. పెరగాలి కూడా. ఫిర్యాదులు బాగా నమోదు చేసే కేరళ రేటు ఏటా పైనే ఉంటుంది, అంతమాత్రాన అక్కడికి వెళ్లడానికి ఎవరూ జంకడం లేదు. అంకె పెరిగిందని ఆ సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు మెమో ఇస్తే మాత్రం మర్నాటి నుంచి మళ్లీ అన్నీ ‘జారిపోయినవే’ అవుతాయి. ఆ భరోసా పైఅధికారులు రాతపూర్వకంగా ఇవ్వాలి, పత్రికలు కూడా ఒక్క ఏడాది ఓపిక పట్టాలి.

2016 తర్వాత కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. బల్లలు, ఫారాలు ఈ దసరాకే మొదలుపెడితే అప్పటికి చేతిలో కనీసం ఒక పూర్తి ఏడాది ఘాట్లవారీ పట్టిక ఉంటుంది. ఈ డిసెంబరు నివేదికలో ఒక్క అదనపు పేజీ వేయమని నగర పోలీసులకు మీ ద్వారా మా మనవి: స్థానికుల ఫిర్యాదులు ఎన్ని, బయటివారివి ఎన్ని, అందులో ‘పోయింది’ అన్నవి ఎన్ని, ‘తీశారు’ అన్నవి ఎన్ని.

ఇట్లు,
వన్‌టౌన్ పాఠకులు కొందరు,
విజయవాడ