కారవాన్ ఊగితే యాక్సిలరేటర్ తొక్కమంటారా?

సంపాదకుల వారికి నమస్కారం.

కారు వెనక కారవాన్ (చక్రాల మీద ఇల్లులాంటి బండి) తగిలించుకుని ప్రయాణం చేసేవాళ్ళ కోసం మీరు వేసిన వ్యాసం చదివాను. అద్దాల గురించీ మలుపుల గురించీ రాసింది బాగానే ఉంది గానీ, చివర్లో "వెనక బండి ఊగడం మొదలైతే కాస్త యాక్సిలరేటర్ ఇవ్వండి, అదే సర్దుకుంటుంది" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట దయచేసి సవరించి వేయండి. ఇది మీ రచయిత సొంతంగా కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో డ్రైవర్ల నోట తిరుగుతున్నదే. పేపర్లో కూడా వచ్చేసరికి నమ్మేవాళ్ళు ఇంకా పెరుగుతారని నా భయం.

అందులో కొంత నిజం లేకపోలేదు. యాక్సిలరేటర్ ఇచ్చిన క్షణంలో హిచ్ (కారుకీ కారవాన్‌కీ మధ్య కొక్కెం) దగ్గర లాగుడు పెరిగి కారవాన్ తిన్నగా వచ్చినట్టే అనిపిస్తుంది. కానీ వేగం పెరిగేకొద్దీ ఊపు దానంతట అది చల్లారే గుణం తగ్గిపోతుంది. ఆ కారు, ఆ కారవాన్, ఆ రోజు అందులో సర్దిన సామాను, ఈ మూడూ కలిసి ఒక హద్దు వేగాన్ని తేలుస్తాయి. అంతకంటే బాగా తక్కువలో ఉంటే పక్కగాలి తోసినా, గుంత తగిలినా రెండు మూడు ఊపుల్లో సర్దుకుంటుంది, దాటితే మాత్రం ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతూ పోతుంది. ఊపు ఆగట్లేదంటే ఆ హద్దు దగ్గరికి వచ్చేశామనో, దాటేశామనో అర్థం, అక్కడ ఇంకా స్పీడు పెంచమంటే ఎలా? దిగుడు రోడ్డయితే మరీ కష్టం, మనం తొక్కకపోయినా వేగం పెరుగుతుంది, పైగా కారవాన్ బరువు కారుని వెనకనుంచి నెడుతూ ఉంటుంది.

చేయాల్సింది చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోవాలి, వేగం మెల్లగా పడనివ్వాలి. బ్రిటన్ రోడ్డు నిబంధనల పుస్తకం హైవే కోడ్ 98వ నిబంధనలో చెప్పిందీ ఇదే, యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిగా వేగం తగ్గించమని. ఎడమకి ఊగితే కుడికి, కుడికి ఊగితే ఎడమకి స్టీరింగ్ తిప్పాలని చేతులు లాగేస్తాయి, కానీ ఒక్కో ఊపు ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది, మన చేయి కదిలేసరికి బండి రెండోవైపుకి వచ్చేసి ఉంటుంది, దాంతో ఊయలని సరిగ్గా వేళ చూసి తోసినట్టు మనమే ఊపు పెంచుతాం. బ్రేకు గట్టిగా కొట్టడమూ అంతే, ముందున్న కారు ఆగుతుంటే వెనకున్నది నెట్టుకుంటూ పక్కకి తిరిగిపోతుంది. కారవాన్‌కి విడిగా ఎలక్ట్రిక్ బ్రేకులుండి వాటి కంట్రోలర్ డ్రైవర్ చేతికందేలా ఉంటే, వాటిని మాత్రమే మెల్లగా వాడటం వేరే సంగతి. అప్పుడు వెనక బండి వెనక్కి లాగి తిన్నగా వస్తుంది.

ఇక నా అసలు బాధ. వ్యాసంలో ఊగాక ఏం చేయాలన్న దాని మీద, కొనాల్సిన పరికరాల మీద అంత రాశారు గానీ, సామాను ఎలా సర్దాలో ఒక్క ముక్క లేదు. కారవాన్ ఊగుతుందా లేదా అన్నది సగానికి పైగా బండి కదలకముందే తేలిపోతుంది. ట్రెడ్‌మిల్ మీద బొమ్మ కారుకి చిన్న ట్రైలర్ కట్టి చూపించే ప్రయోగం చాలామంది చూసే ఉంటారు. బరువు ముందువైపు ఉన్నంతసేపు వేలితో తోసినా తిన్నగా వచ్చేస్తుంది, అదే బరువుని వెనక్కి జరిపి ఒక్కసారి అలా తాకితే చాలు, ఊగి ఊగి బోల్తా పడుతుంది. బరువు మారలేదు, వేగమూ మారలేదు.

యూరప్ తరహా కారవాన్లకి హిచ్ మీద పడే బరువు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అంటే 1,300 కిలోల బండికి 65 నుంచి 91 కిలోలు. అమెరికా ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం చెబుతారు, అక్కడి హిచ్‌ల తీరు వేరు కాబట్టి ఆ అంకె తెచ్చి ఇక్కడ అతికించకూడదు. ఏదైనా సరే, కారు కంపెనీ, టో బార్ (కారు వెనక బిగించే లాగుడు కడ్డీ) కంపెనీ ఇచ్చిన పరిమితుల్లో ఏది తక్కువైతే అదే మన హద్దు. కొలవడం పెద్ద పనేం కాదు. చదునైన చోట చక్రాలకి అడ్డం పెట్టి, ఒళ్ళు చూసుకునే తూకం మిషన్ మీద, హిచ్ మామూలుగా ఉండే ఎత్తుకి సరిపోయేలా కోసిన చెక్కముక్క నిలబెట్టి, దాని మీదకి హిచ్ తలని దించితే అంకె కనిపిస్తుంది. మిషన్ ఎంతవరకు మోస్తుందో ముందు చూసుకోండి. సామానంతా ఎక్కించాకే కొలవాలి, ఖాళీ బండిని కొలిచి తృప్తిపడితే లాభం లేదు.

అంకె సరిపోయింది కదా అని వదిలేయకూడదు, ఎందుకంటే ముందు మూల 40 కిలోలు, వెనక మూల 40 కిలోలు పెట్టినా హిచ్ మీద లెక్క సరిపోవచ్చు, కానీ అలాంటి బండి ఒకసారి ఊగడం మొదలైతే ఆగదు. తిరుగుడుకి బరువు చూపే ప్రభావం దూరం వర్గంతో పెరుగుతుంది. ఇరుసుకి 3 మీటర్ల దూరంలో పెట్టిన 20 కిలోలు, 1 మీటరు దూరంలో పెట్టిన 20 కిలోలకంటే 9 రెట్లు ప్రభావం చూపిస్తాయి. కాబట్టి బరువైనవి కింద, ఇరుసు పక్కనే, పై అల్మారాల్లో బట్టలూ దుప్పట్లూ. వెనక గోడకి సైకిళ్ళ స్టాండు బిగించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరుసునుంచి హిచ్‌కి 4 మీటర్లు, స్టాండు ఇరుసుకి వెనక 3 మీటర్లు అనుకుంటే, 30 కిలోల సైకిళ్ళు హిచ్ మీద 22 కిలోల పైచిలుకు బరువు తీసేస్తాయి, ఆ మేరకి కారు వెనక టైర్ల పట్టు కూడా తగ్గుతుంది. నీళ్ళ ట్యాంకు కూడా మర్చిపోవద్దు, 100 లీటర్లంటే 100 కిలోలు, సగం నింపితే అటూ ఇటూ కొట్టుకునే 50 కిలోలు.

పరికరాలు వద్దనను. బాల్‌ని, అంటే హిచ్ తల కూర్చునే కారు వెనకి ఇనుప గుండుని, ప్యాడ్లతో నొక్కిపట్టే స్టెబిలైజర్ హిచ్ మంచిదే, కాకపోతే దానికి బాల్ శుభ్రంగా, గ్రీజు చుక్క లేకుండా ఉండాలి. మామూలు హిచ్‌కి గ్రీజు రాసే అలవాటుతో దీనికీ రాస్తే ప్యాడ్లు జారిపోయి అది అలంకారంగా మిగులుతుంది. ఊపుని పసిగట్టి కారవాన్ బ్రేకులు తనే వేసే ఎలక్ట్రానిక్ పెట్టెలూ, కార్లలో వచ్చే ట్రైలర్ స్టెబిలిటీ వ్యవస్థా పనిచేసేవే. ఇవన్నీ ఆ హద్దు వేగాన్ని కొంచెం పైకి జరుపుతాయి, లేదా ఊపు మొదలయ్యాక ఆదుకుంటాయి. కానీ సామాను సర్దుబాటు తప్పుగా ఉంటే, ఇవి ఉన్నందువల్ల 70 కిలోమీటర్ల వేగంలో దొరకాల్సిన హెచ్చరిక 95లో దొరుకుతుంది, అప్పుడు టైమ్ ఉండదు.

టైర్లలో గాలి, కారు వెనక టైర్లతో సహా, ఫుల్ లోడుకి కంపెనీ చెప్పినంత ఉండాలి. మెత్తటి టైరు పక్కకి వంగుతుంది, ఊపుకి చోటిస్తుంది. బ్రిటన్‌లో కారవాన్ క్లబ్బులు కొత్తవాళ్ళకి చెప్పే లెక్క ఒకటుంది, కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని. చట్టం కాదు, సలహానే, మంచి సలహా.

ఒకసారి గట్టిగా ఊగి ఆగిన బండిని "ఏం కాలేదులే, కాస్త నెమ్మదిగా పోదాం" అని అలాగే నడిపేయొద్దు. సురక్షితమైన చోట ఆపి హిచ్ బిగింపు, టైర్లు చూసి, లోపలికెళ్ళి వెనకవైపు ఏముందో చూడండి. అందులో బరువైన వాటిని ఇరుసు పక్కకి తెచ్చి, కదలకుండా కట్టి, అప్పుడు బయల్దేరండి.

ఇట్లు,
మీ పాఠకుడు