తొమ్మిదింటికి అందరికీ కారు కావాలి

మొన్న ఆదివారం రాత్రి, కార్లను మెషీన్‌తో పైకెత్తి అంతస్తుల్లో పెట్టే మా పార్కింగ్ షెడ్డు ముందు ముప్పావుగంట నిలబడిన వాళ్లందరికీ ముందుగా క్షమాపణ చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి మనవరాలి పెళ్లిబట్టలకని వచ్చిన పెద్దావిడ మా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, "ఏటి బాబూ, కారు తెమ్మంటే కొత్తది తయారుచేస్తున్నారేటి?" అన్నారు. పక్కనే ఒక ఒడియా కుర్రాడు "ఆఉ కేతే డేరి?" అని అయిదోసారి అడుగుతున్నాడు. ఇంకెంతసేపని రెండు భాషల్లో అడిగినందుకు రెండు భాషల్లోనూ ఒకటే అబద్ధం చెప్పాను. "మెషీన్ స్లో అండీ."

మెషీన్ మొదటిరోజు ఎంత వేగంగా నడిచిందో ఈరోజూ అంతే వేగంగా నడుస్తోంది. తప్పు దాన్ని నడిపే మా పద్ధతిలో ఉంది. కొంత మీ దగ్గరా ఉంది, అదీ చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

కొత్తగా వచ్చేవాళ్ల కోసం రెండు ముక్కలు. బరంపురం పాతబజారు సందుల్లో అయిదు కార్లు పక్కపక్కన పట్టే జాగాలో మేం నాలుగంతస్తుల్లో 17 కార్లు పెడుతున్నాం. అయిదు నాలుగుల ఇరవై కదా, మిగతా మూడు ఏవీ అంటారు. చిన్నప్పుడు ఒక గడి ఖాళీగా ఉంచి మిగతా బిళ్లల్ని జరిపే పలక ఆట ఆడే ఉంటారు. ఇదీ అదే. పైఅంతస్తు కారు దిగాలంటే దాని కింద ఉన్నవి పక్కకు తప్పుకోవాలి, తప్పుకోడానికి కింది మూడంతస్తుల్లోనూ ఒక్కో గడి ఖాళీ ఉండాలి. ఆ మూడూ అవే. నేల మీద నాలుగు, ఆ పై రెండంతస్తుల్లో నాలుగేసి, అన్నిటికంటే పైన అయిదు.

వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా పెద్దమ్మాయి సెలవులకొచ్చి, నా సణుగుడు వినలేక, నోటుబుక్కూ ఫోన్లో స్టాప్‌వాచ్చూ పట్టుకుని నాలుగు సాయంత్రాలు షెడ్డులో కూర్చుంది. పై కారు దిగడానికి డెబ్భై సెకన్లు. ఖాళీ ప్యాలెట్, అంటే కారు నిలబడే ఇనప పళ్లెం, తిరిగి పైకెళ్లడానికి ఇంకో డెబ్భై. ఈ రెంటి మధ్య కారు కింద నిలబడి ఉండే సమయం ఎంతనుకున్నారు? ఒక్కోసారి మూడు నిమిషాలు. డిక్కీ తెరుస్తారు, చీరల సంచులు సర్దుతారు, చంటిపిల్లకి సీటు బెల్టు పెడతారు, అద్దం సరిచేసుకుంటారు, అప్పుడు వాళ్లావిడకి గుర్తొస్తుంది, పచ్చళ్ల సంచి కొట్లోనే మర్చిపోయామని. అంతసేపూ ఆ పళ్లెం కదలదు, అది కదిలేదాకా పైవాటిలో ఇంకోటి దిగదు.

తొమ్మిదికి కొట్లు కట్టేస్తారు. పావుగంటలో పన్నెండు టోకెన్లు మా కిటికీలో పడతాయి. కారుకు నాలుగు నిమిషాలు వేసుకోండి, పన్నెండోవాడికి నలభై ఎనిమిది. పెద్దావిడ లెక్క అదీ.

ఇకనుంచి సామాను ఎక్కించడం గేటు బయట, పసుపు గీత దాటాక. కారు పళ్లెం మీద ఉండగా డిక్కీ తెరవనివ్వం. సంచులు మోయడానికి ఒక పిల్లాణ్ణి పెట్టాను, వాడికి డబ్బులివ్వక్కర్లేదు.

ఇప్పుడు నా తప్పు. నేల మీది నాలుగు గళ్లే అన్నిటికంటే తొందరగా బయటపడేవి. గేటు తెరిస్తే చాలు, ఏదీ పైకీ కిందికీ కదలక్కర్లేదు. అవి ఎవరికిచ్చాను? పొద్దున్న పదింటికి పెట్టి రాత్రి తొమ్మిదికి తీసుకెళ్లే, నాతో రోజూ టీ తాగే దుకాణాల స్నేహితులకి. రోజంతా కదలని బళ్లు కాలుపెట్టే చోట, అరగంటలో వెళ్లిపోయే పేషెంటు బండి నాలుగో అంతస్తులో. వంటింట్లో రోజూ వాడే ఉప్పుడబ్బా అటక మీద పెట్టుకున్నట్టు. ఈ నెల మొదటి తారీఖు నుంచి నెలవారీ పాసులన్నీ పైకెళ్లాయి. ఎత్తుబళ్లకి మాత్రం దారిలేదు. మా పై అంతస్తులు తక్కువ ఎత్తువి, అందులో పెద్ద బళ్లు పట్టవు, వాటికి నేలే. అందుకే నాలుగు గళ్లలో రెండే తొందరవాళ్లకి మిగులుతున్నాయి.

ఎంతసేపుంటారని మా కుర్రాడు అడిగితే నిజం చెప్పండి. బరంపురంలో "అయిదు నిమిషాలు" అంటే ఎంతో మా అమ్మాయి నోటుబుక్కులో ఉంది, ఇక్కడ రాస్తే గొడవలవుతాయి. పట్టుచీరకి, అందులోనూ గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభం అంచు చూసి ఎంచుకోడానికి వెళ్తుంటే మూడు గంటలని చెప్పేయండి, సిగ్గేం లేదు.

ఇంకో పని చేశాం. పాత ప్రోగ్రాం ప్రకారం కారు వెళ్లగానే ఖాళీ పళ్లెం దానంతటదే పైకెళ్లిపోయేది. పది నిమిషాలకు ఇంకో బండి వస్తే మళ్లీ దిగేది. భువనేశ్వర్ నుంచి మెకానిక్‌ని పిలిపించి మార్పించాను, వచ్చినందుకు విడిగా తీసుకున్నాడు. ఇప్పుడు పొద్దున పూట పళ్లెం కిందే ఆగి వచ్చే బండి కోసం చూస్తుంది, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రం వెంటనే పైకెళ్లి దారిస్తుంది. దిగిన పళ్లెం మీదికే లోపలికొచ్చే బండిని ఎక్కిస్తే ఒక రాకపోక మిగులుతుంది. ఖర్చులేని లాభం ఇదొక్కటే.

మధ్యలో ఒక ప్రయోగం బెడిసికొట్టింది. టోకెన్ల వరస కాకుండా దగ్గరున్న కారు ముందు తీస్తే అందరి సగటూ తగ్గుతుందని మా అమ్మాయి కాగితం మీద చూపించింది. నిజమే తగ్గింది. కానీ పై అంతస్తు పెద్దమనిషి తన తర్వాత వచ్చిన నలుగురు వెళ్లిపోవడం చూశాక సగటు గురించి నేను చెప్పే మాట వింటాడా? కాలరు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు ఎవరినైనా ఇద్దరికి మించి దాటించం.

బిల్లు వేయించుకుంటూ టోకెన్ వెనకున్న నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, మీ కారు వరసలోకొస్తుంది. ఇచ్చాక సమోసాల బండి దగ్గర ఆగితే మాత్రం, దిగిన కారు మూడు నిమిషాలు చూసి పైకెళ్లిపోతుంది. అప్పుడు వరస చివర్నుంచే. ఎనిమిదిన్నర లోపు తీసుకెళ్లేవాళ్లకి 10 రూపాయలు తగ్గిస్తున్నాను.

జెయింట్ వీల్ లాంటిది పెట్టొచ్చుగా అని కొందరంటున్నారు. పన్నెండు ఊయలల చక్రం ఎటు దగ్గరైతే అటు తిరిగితే సగటున మూడు గళ్లు జరగాలి, ఒకవైపే తిరిగేదైతే అయిదున్నర. బాగానే ఉంటుంది, కాకపోతే ఒక్క కారు కోసం పన్నెండూ తిరగాలి. మా అప్పు తీరాక చూద్దాం.

మోటారు స్పీడు పెంచమన్నారు. పెంచాలంటే గేరు, గొలుసు, బ్రేకు అన్నీ మార్చాలి. గేటు దగ్గరి సెన్సార్ కట్టేస్తే కారుకు పదిహేను సెకన్లు కలిసొస్తుందని ఒకాయన సలహా ఇచ్చారు. మనిషి లోపలున్నాడేమో చూసే కన్ను అది. దాన్ని ముట్టుకోను, మీరు ఎంత అరిచినా సరే. కరెంటు పోతే కారు పడిపోతుందా అని అడుగుతుంటారు. పడదు. ఆ బ్రేకు కరెంటు ఉంటేనే వదులుతుంది, పోగానే స్ప్రింగు బలంతో పట్టేస్తుంది. జనరేటర్ అందుకునేదాకా ఆలస్యం మాత్రం తప్పదు.

ఈ వారం పన్నెండోవాడికి అరగంట పట్టింది. అదీ ఎక్కువే, తెలుసు. రెండేళ్లకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే సందులోకి బండే రాదు, అప్పటి మాట అప్పుడు.

స్టూళ్లు ఆరు కొన్నాను, ఫ్యాను బిగించాను. నేల మీంచి పైకి పంపిన స్నేహితుల్లో ఒకాయన పది రోజులుగా నాతో టీ తాగడం లేదు. కారు మాత్రం తెచ్చి పైనే పెట్టుకుంటున్నారు.