ఆ పంపును ఒకసారి నడిపించి చూడండి: నౌకాయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఓడల ఇంజిన్ గదుల్లో చాలా ఏళ్లు పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడినవాణ్ని. 2019 ఆగస్టు 12న మా తీరానికి దగ్గరలోనే కోస్టల్ జాగ్వార్ అనే ఓడలో మంటలు లేచాయి. అందులోని 29 మంది సముద్రంలోకి దూకారు. ఆ రోజు తీరరక్షక దళం 28 మందిని కాపాడింది. ఆ ప్రమాదానికి కారణమేమిటో నేను చెప్పబోవడం లేదు. ఆ వార్త వినగానే నాకు గుర్తొచ్చింది నా పాత ఓడ.

అందులో ఇంజిన్ గదికి గాలి వెళ్లే దారులను మూసే తలుపుల్లాంటి డ్యాంపర్లను మూడు నెలలకోసారి మూసి చూసినట్టు రికార్డులో సంతకాలు ఉండేవి. ఒకనాడు నిజంగా మూయబోతే ఒకటి కదలలేదు. పైన కొత్త రంగు మెరుస్తోంది, లోపల ఇరుసు తుప్పుతో బిగుసుకుపోయింది. నూనె పోసి, సుత్తితో కొట్టి విడిపించేసరికి సాయంత్రమైంది.

ఇంజిన్ గదిలో మంటలు అదుపు తప్పితే ఆఖరి దిక్కు కార్బన్ డయాక్సైడ్. మనుషులందరినీ బయటికి రప్పించి, తలలు లెక్కపెట్టి, ఫ్యాన్లు ఆపి, ఇంధన వాల్వులు కట్టేసి, డ్యాంపర్లన్నీ మూశాకే సిలిండర్లు విప్పాలి. సాధారణంగా ఆ వాయువు ఒక్క విడతకే ఉంటుంది. ఒక్క డ్యాంపర్ తెరిచి ఉన్నా వాయువు జారిపోతుంది, మంటకు గాలి అందుతూనే ఉంటుంది.

ప్రధాన పంపులు పనిచేయనప్పుడు సముద్రపు నీటిని తోడి మంటలార్పడానికి ఉండే ఎమర్జెన్సీ ఫైర్ పంపు సంగతీ చెప్పాలి. సరుకుతో నిండిన ఓడ నీటిలో లోతుగా ఉంటుంది కనుక పంపు చక్కగా తోడుతుంది. సరుకు దింపాక ఓడ పైకి తేలుతుంది. అప్పుడు మోటారు తిరుగుతున్నా గొట్టంలోకి నీరు రాకపోవడం నేను కళ్లారా చూశాను.

సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం నెలనెలా డ్రిల్లులు చేయమంటుంది, లైఫ్‌బోటును మూడు నెలలకోసారి నీటిలో దించి నడపమంటుంది. రాతలో లోటు లేదు. నేను చూసిన తనిఖీల్లో మాత్రం ఓడను పరీక్షించడానికి వచ్చే సర్వేయర్ సమయమంతా ఫైళ్లకే సరిపోయేది.

2025 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం కింద నియమాలు రాసేటప్పుడు, తీరం వెంబడి తిరిగే చిన్న ఓడలను కూడా కలుపుకొని, ఈ మాట చేర్చండి. సర్వేయర్ అప్పటికప్పుడు తాను ఎంచుకున్న డ్యాంపర్‌ను మూయించాలి. ఎమర్జెన్సీ పంపును ఓడ ఖాళీగా ఉన్నప్పుడే, రెండు గొట్టాలతో ఒకేసారి నడిపించాలి. ఈ పనులకు చాలినంత మంది సిబ్బంది ఉన్నారా అని కూడా అడగాలి. నిద్ర మానుకుని డ్యాంపర్లకు గ్రీజు పూసే కుర్రవాణ్ని తప్పుపట్టి లాభం లేదు.

మరొకటి. లోపం బయటపెట్టిన నావికుడి పేరు యజమానికి తెలియకూడదు. ఆ డ్యాంపర్ బిగుసుకుందని నేను రికార్డులో రాయబోతే, ఉద్యోగం కావాలా వద్దా అని అడిగారు. అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాను.

ఇట్లు,
ఒక మాజీ మెరైన్ ఇంజినీరు,
విశాఖపట్నం