క్రో కాప్ గురించి నువ్వన్న మాట

మావా,

ఎలా ఉన్నావ్? మొన్న ఫోన్లో "ప్రైడ్ వాళ్ళంతా జపాన్‌లోనే పులులు, యూఎఫ్‌సీకి రాగానే తేలిపోయారు, కావాలంటే క్రో కాప్‌ని చూడు" అన్నావు కదా, ఆ మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. ప్రైడ్ అంటే ఒకప్పటి జపాన్ ఫైటింగ్ పోటీలు, యూఎఫ్‌సీ అంటే అమెరికావి, రెండింట్లోనూ గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ ఉంటాయి, క్రో కాప్ ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి వచ్చిన ఫైటర్. అప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా మాట్లాడటం కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

రాత్రి కూర్చుని 2007 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో క్రో కాప్‌కీ గొంజాగాకీ జరిగిన యూఎఫ్‌సీ ఫైట్ మళ్ళీ చూశాను. క్రో కాప్ కాలు విసిరితే గొంజాగా దాన్ని పట్టుకుని కింద పడేశాడు. అసలు కథ అక్కడే ఉంది, నెమ్మదిగా చూడు. వెల్లకిలా పడ్డవాడు మీదున్నవాణ్ణి కాళ్ళతో బిగించి దగ్గరికి లాక్కుంటే పంచ్ వేయడానికి చోటుండదు. ప్రైడ్‌లో అది మంచి ఎత్తు, ఎందుకంటే అక్కడ మోచేత్తో తలమీద కొట్టనిచ్చేవారు కాదు. యూఎఫ్‌సీలో కొట్టొచ్చు, మోచేతికి జానెడు చోటు చాలు. గొంజాగా అదే చేశాడు, వరసపెట్టి మోచేతులు దించాడు. రిఫరీ లేపి నిలబెట్టాక క్రో కాప్ చేతుల్లో మునుపటి చురుకు లేదనిపించింది నాకు. ఇంకో పది సెకన్లలో రౌండ్ అయిపోతుందనగా గొంజాగా కిక్ క్రో కాప్ తలకి తగిలింది, కాలు కింద మడతపడి కూలిపోయాడు. ఆ కిక్ ఎక్కడైనా చెల్లుతుంది, దాన్ని రూల్స్ మీదకి నెట్టను. కానీ అంతకుముందు తిన్న దెబ్బలు మాత్రం ఏడు నెలల కిందట ప్రైడ్ ఓపెన్ వెయిట్ గ్రాండ్ ప్రి (బరువుతో పని లేని టోర్నమెంట్) గెలిచినప్పుడు అతను కాచుకోవాల్సిన అవసరమే లేని దెబ్బలు.

ఇంకోటి చూడు. ప్రైడ్‌లో కింద పడ్డవాడి తలమీద తన్ననిచ్చేవారు, తొక్కనిచ్చేవారు, మోకాళ్ళతో పొడవనిచ్చేవారు. అంటే టేక్‌డౌన్‌కి (ఎదుటివాణ్ణి కింద పడేయడానికి) వెళ్ళి అది కుదరక మోకాళ్ళ మీద ఉండిపోయావనుకో, యూఎఫ్‌సీలో ఒక క్షణం ఊపిరి తీసుకోవచ్చు, ప్రైడ్‌లో అదే క్షణంలో పని అయిపోయేది. పైగా అక్కడ మొదటి రౌండే పది నిమిషాలుండేది. ఇలాంటి చోట పెరిగినవాడి ఒంటికి పట్టే అలవాట్లే వేరు.

మార్క్ కోల్‌మన్ గుర్తున్నాడా? రెజ్లర్, యూఎఫ్‌సీ మొదటి హెవీవెయిట్ చాంపియన్. మనిషిని కింద పడేసి, చేతులు పట్టుకుని, తలతో మొహం మీద గుద్దేవాడు. 1997లో యూఎఫ్‌సీలో తలతో కొట్టడం నిషేధించారు, ఆ ఆయుధం పోయింది. అతని పని అయిపోయిందనుకున్నారు. అదే మనిషి 2000 మే 1న టోక్యో డోమ్‌లో వొవ్‌చాంచిన్ అనే ఫైటర్‌ని అదిమిపట్టి, తలమీద మోకాళ్ళతో పొడిచి, ఓటమి ఒప్పించి ప్రైడ్ గ్రాండ్ ప్రి గెలిచాడు. అలాంటి ఒక్క మోకాలికే 2021 మార్చిలో పీటర్ యాన్ అనే చాంపియన్ డిస్‌క్వాలిఫై అయ్యి యూఎఫ్‌సీ బెల్టు పోగొట్టుకున్నాడు. ఒకే దెబ్బ మావా, అక్కడ కప్పు, ఇక్కడ ఫౌల్!

అలాగని అంతా రూల్స్ మహిమే అనను. ప్రైడ్ ఫైటర్ ర్యాంపేజ్ జాక్సన్ 2003లో ప్రైడ్ రింగ్‌లో యూఎఫ్‌సీ ఫైటర్ చక్ లిడెల్‌ని ఓడించాడు. గొంజాగా ఫైట్ జరిగిన నెలకే, 2007 మేలో, ఈసారి యూఎఫ్‌సీ కేజ్‌లో, లిడెల్ సొంత గడ్డ మీద, మొదటి రౌండ్‌లోనే నాకౌట్ చేసి బెల్టు పట్టుకుపోయాడు. ప్రైడ్ వాళ్ళందరూ తేలిపోయారన్న నీ మాట ఇక్కడే వీగిపోయింది. అదే ఇద్దరు, రెండు రకాల రూల్స్, ఒకటే ఫలితం. నన్నడిగితే ఎవరు గొప్ప అని తేల్చాలంటే ఇలాంటి జోడీలు దొరకాలి, అవేమో చాలా తక్కువ.

ఆదివారం మా ఇంటికి రా. ముందు 2003ది పెడతాను, వెంటనే 2007ది. రెండింట్లోనూ లిడెల్ కుడిచెయ్యి విసిరినప్పుడు ర్యాంపేజ్ ఏం చేస్తాడో చూసి అప్పుడు మాట్లాడు.

ఉంటాను మావా.