కుళాయిల లెక్క చెప్పారు, నీళ్ల లెక్క చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, ఐక్యరాజ్యసమితి పెట్టిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సమీక్ష వార్త చూశాను. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. నాలుగు రోజులైనా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. తాగునీటి లక్ష్యంలో మన ప్రాంతం బాగా ముందుందని అధికారులు చెప్పారట. ఎన్ని ఇళ్లకు కుళాయిలు బిగించారో శాతాలతో సహా అచ్చు వేశారు. ఆ కుళాయిల్లో వచ్చే నీళ్లలో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. చెప్పే అధికారి లేకపోతే పోనీ, అడిగే విలేకరి కూడా లేడా?

మాది కనిగిరి ప్రాంతం. ముప్పై రెండేళ్లు పంతులుగా చేసి రిటైరయ్యాను. మా వైపు ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పేదేముంది! ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లకూ ఎముకలకూ పట్టే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించిందే మా గడ్డ మీద, 1937లో. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టనే లేదు, మేం నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్లం. తెల్లదొరల కాలంలో బయటపడ్డ జబ్బు ఇది. తొంభై ఏళ్లు కావస్తోంది.

మా అమ్మ చివరి పదేళ్లు మెడ తిప్పలేకపోయింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. సంక్రాంతికి ముగ్గు వేయడానికి వంగలేక, గుమ్మం పట్టుకుని నిలబడి మా చెల్లెలికి చుక్కలు చెప్పేది. ఇక బళ్లో పిల్లల సంగతి. మూడో తరగతికొచ్చేసరికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి కదా, మా పిల్లలకు ఆ వచ్చే పళ్లే గోధుమరంగు చారలతో వచ్చేవి. ఒకమ్మాయి ఎప్పుడు నవ్వినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఎందుకమ్మా అంటే "పళ్లు బాగోవు సార్" అనేది. అవి తోమితే పోయే మరకలు కావు. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పట్టే మచ్చలు. ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగాక అయితే ఇక మందే లేదు.

ఆ సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది నీళ్లు. 2030 కల్లా ప్రతి ఒక్కరికీ సురక్షితమైన తాగునీరు, అదీ పేదవాడు భరించగలిగే ఖర్చులో అందాలి. సురక్షితమంటే ఏమిటో కూడా విడమరిచి రాశారు. నీళ్లు ఇంటి దగ్గరే ఉండాలి, కావలసినప్పుడు దొరకాలి, వాటిలో మలినం గానీ ప్రమాదకరమైన రసాయనాలు గానీ ఉండకూడదు. ముందుగా చూడాల్సిన రసాయనాలని పేరు పెట్టి చెప్పినవి రెండే రెండు: ఆర్సెనిక్, ఫ్లోరైడ్. ఎక్కడో న్యూయార్క్‌లో కూర్చుని రాసినవాళ్లకు గుర్తున్న ఫ్లోరైడ్ మా ప్రాంతంలో పనిచేసే అధికారులకు గుర్తు రాకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

అంతకుముందు 2000 నుంచి 2015 దాకా సహస్రాబ్ది లక్ష్యాలని ఎనిమిది ఉండేవి. వాటిల్లో ఉన్న తాగునీటి లక్ష్యాన్ని గడువుకు ఐదేళ్ల ముందే, 2010లోనే అందుకున్నామని 2012లో ప్రపంచానికంతా చాటారు. అప్పటి లెక్కలో బోరు ఉంటే మంచినీటి వసతి ఉన్నట్టే, ఆ నీళ్లను పరీక్షించే పనే లేదు. మా రచ్చబండ పక్కనున్న చేతిపంపు కూడా ఆ లెక్కలోకి ఎక్కే ఉంటుంది. మా అమ్మ జీవితమంతా తాగింది ఆ పంపు నీళ్లే. ఆ లోపం తెలుసుకుని, నీటి నాణ్యతనూ చేర్చి 2015లో నిర్వచనం మార్చారు. మార్చి పదేళ్లు దాటాక కూడా మనం కుళాయి బిగించామా లేదా అన్నదగ్గరే ఆగిపోతే ఎట్లా?

జల్ జీవన్ మిషన్‌ను నేను తప్పుపట్టడం లేదు. 2019లో మొదలుపెట్టారు, 2024కల్లా ప్రతి పల్లె ఇంటికీ కుళాయి అన్నారు, గడువు 2028కి జరిగింది. జరిగితే జరిగింది. బిందెలతో పంపు దగ్గర కాచుకునే బాధ మా వీధి ఆడవాళ్లకు తప్పింది, అది చిన్న మేలు కాదు. కానీ మనిషికి రోజుకు 55 లీటర్లు, అదీ తాగడానికి పనికొచ్చే నీళ్లు ఇవ్వాలని ఆ పథకంలోనే ఉంది. మా కుళాయికి నీళ్లొచ్చేది ఊరి బయట వేసిన బోరు నుంచి. పైపు కొత్తదే, నీళ్లు మాత్రం పాతవే.

ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించి కిట్టు ఇవ్వాలని కూడా ఆ పథకంలో ఉంది. మా ఊరి కిట్టు పెట్టె మా వీధిలోని డ్వాక్రా అమ్మాయి ఇంట్లో బీరువా మీద ఉంది. నేనే అడిగి దింపించాను. చిన్న గాజు సీసాలో కుళాయి నీళ్లు పోసి మందు కలిపింది. గులాబీరంగులో ఉండాల్సిన నీళ్లు మా కళ్లముందే పసుపుపచ్చకు తిరిగాయి. రంగుల అట్ట పక్కన పెట్టి చూస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గడి దాటిపోయింది. ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతేనే ఒకటిన్నర దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. మందు గడువు తీరిందేమోనని సీసా తిప్పి చూశాను. తీరలేదు. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు సార్" అంది ఆ అమ్మాయి. ఆమె తప్పేముంది?

మరి జనం ఏం తాగుతున్నారంటే ప్లాంటు నీళ్లు. మా ఊళ్లో ఇరవై లీటర్ల టిన్ను పది రూపాయలు. కూలి దొరికిన రోజు టిన్ను తెచ్చుకుంటారు, దొరకని రోజు కుళాయి తిప్పుకుంటారు. అన్నమూ పప్పూ ఉడికేది ఎలాగూ కుళాయి నీళ్లతోనే. కాచి తాగితే సరిపోతుందని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క మాట ఊళ్లో దండోరా వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

అసలు మందు కొండ మీద కురిసిన నీళ్లే, రాతి పొరల్లోంచి తోడిన నీళ్లు కాదు. మాలాగే ఫ్లోరైడ్ బాధ పడ్డ నల్గొండ జిల్లాకు కృష్ణా నీళ్లు పైపుల్లో వెళ్లాయి. మాకు శ్రీశైలం నీళ్లు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. మా ఊరిదాకా మాత్రం ఇంకా చుక్క రాలేదు. అన్ని పార్టీల వాళ్లూ ఆ కొండ దగ్గర ఫొటో దిగారు, నేను ఏ ఒక్కరినీ వదిలిపెట్టి మాట్లాడటం లేదు.

ఈ లక్ష్యాల మీద నీతి ఆయోగ్ 2018 నుంచి రాష్ట్రాలకు మార్కులు వేస్తోంది. ఇప్పుడు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పంచాయతీలకూ తొమ్మిది అంశాల మీద మార్కులు వేస్తోంది. మార్కులు వేయడం మంచిదే, నా జీవితమంతా వేసింది మార్కులే. కానీ పిల్లవాడి పేపరు వాడి చేతికే ఇచ్చి దిద్దుకోమంటే వాడు నేర్చుకునేదేమిటి? ఆ మార్కుల కోసం పంచాయతీ ఫారం ఎవరు నింపుతున్నారో, ఎవరు సరిచూస్తున్నారో గ్రామసభలో ఒక్కసారి చదివి వినిపించారా? మా రోజుల్లో ఇన్‌స్పెక్టరు బడికొస్తే రిజిస్టరు పక్కన పెట్టి పిల్లల్ని లేపి అడిగేవాడు. ఇప్పుడు రిజిస్టరు చూసి వెళ్లిపోతున్నారు. ప్రపంచం మొత్తం మీద ఈ లక్ష్యాల్లో లెక్కకందిన అంశాల్లో 17 శాతమే సరైన దారిలో ఉన్నాయని 2024లో ఐక్యరాజ్యసమితే ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థ ఒప్పుకున్నప్పుడు, మా నీళ్లు ఇంకా బాగుపడలేదని చెప్పడానికి ఒక జిల్లా సమీక్షలో సిగ్గెందుకు?

నేను అడిగేది చిన్న పని. మా పంచాయతీ ఆఫీసు గోడ మీద 17 లక్ష్యాల బొమ్మలు రంగురంగులుగా వేయించారు. ఆ ఆరో బొమ్మ కింద నల్లరంగుతో ఒక గడి గీయించండి. నీళ్లు ఎప్పుడు పరీక్షించారు, ఫ్లోరైడ్ ఎంత వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు, మూడు నెలలకోసారి అందులో రాయండి. ప్రతి ఊళ్లోనూ రాయండి. మీరు కూడా ఈసారి సమీక్ష వార్త వేసేటప్పుడు ఆ అంకె అడిగి వేయండి.

మా వీధి కుళాయి నీళ్లు సీసాలో పట్టి ప్రయోగశాలకు నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి ఈ రోజుకు నలభై రోజులైంది. రెండుసార్లు వెళ్లి అడిగాను. "ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది సార్, చూసుకోండి" అన్నారు. నిన్న రాత్రి కూడా మా మనవడి చేత చూపించుకున్నాను. ఇంకా ఎక్కలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కనిగిరి ప్రాంతం